గుర్రపుడెక్క

మా భాషలో దాన్ని గుర్రపుడెక్క అంటాం.
ఇక్కడ, తానా సరస్సు ఒడ్డున, ఎంబోచ్ అంటారు.
పేరు ఏదైతేనేం,
రాత్రికి రాత్రి నీళ్ళ మీద దౌడు తీసే ఆ దండుకి
జీను లేదు, కళ్ళెం లేదు,
అలిసిపోయి దిగే రౌతు అసలే లేడు.

మొదటి ఏడు పువ్వు చూసి మురిసిపోయారట.
ఊదారంగు రేకు మీద నెమలికన్ను మచ్చ.
జాలరి దెస్సియే కూతురు గుప్పెడు కోసుకెళ్ళి
గుమ్మానికి గుచ్చిందట.
రెండో ఏడు దెస్సియే జమ్ముపడవ ఒడ్డు వదల్లేదు.
మూడో ఏడు వల లాగితే
వేళ్ళే వచ్చాయి, నల్లగా, కుచ్చులు కుచ్చులుగా,
తడిసిన గొర్రె బొచ్చులా.

అప్పుడు దిగింది యెషిహారెగ్.
ఆ పేరుకి అర్థం వెయ్యి తీగలని.
వెనకాల ఆమె చెల్లెలు, చెల్లెలి వెనక ఆలెమ్,
ఆలెమ్ వెనక చర్చి గంట కొట్టే ముసలాయన,
ఆ వెనక, సిగ్గుపడుతూ, దెస్సియే.

చేతి తొడుగులు వస్తాయన్నారు. రాలేదు.
గోనెపట్టా చింపి అరచేతులకు చుట్టుకున్నారు.
రొమ్ముల లోతు నీళ్ళు.
పిక్కలకు జలగలు,
గడ్డి కింద పాము కదిలితే ఒక కేక,
కేక వెనకే నవ్వు.
బారెడు పొద్దెక్కేసరికి ఒడ్డున ఒక పచ్చని గుట్ట,
మధ్యాహ్నానికి అది ఇల్లంత,
సాయంత్రం గాలి తిరిగితే
తీసిన చోటే మళ్ళీ పచ్చదనం, పైనుంచి కొట్టుకొచ్చి.

రాజధాని నుంచి యంత్రం కూడా వచ్చింది.
రిబ్బను కత్తిరించారు.
పదహారు రోజులు తిరిగి, బెల్టు తెగి, కూర్చుంది.
దాని నీడ బాగుంటుంది.
మేకలు పడుకుంటాయి.

గోందర్‌లో లెక్కలు చెప్పుకునే వాణ్ణి నేను.
ఒక ఆదివారం ఒడ్డున కూర్చుని కాగితం మీద వేశాను:
ఎన్ని రోజులకు రెట్టింపవుతుంది,
రోజుకి మనిషి ఎన్ని బుట్టలు లాగుతాడు.
వీళ్ళు ఓడిపోతారని తేలింది.
రెండుసార్లు సరిచూశాను. లెక్క తప్పలేదు.
సోమవారం పొద్దున్నే
వాళ్ళు రావడమూ తప్పలేదు.

మొన్న సభ పెట్టారు.
ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, తెల్ల చొక్కా అధికారి.
విత్తనం బురదలో ఇరవై ఏళ్ళు నిద్రపోగలదని చెప్పాడాయన,
ఎవరికీ తెలియదన్నట్టు.
యెషిహారెగ్ వేళ్ళు మడిచి ఏదో లెక్క కట్టుకుంది.
ఎంత తేలిందో మాకు చెప్పలేదు.

ప్రశంసాపత్రం ఇచ్చారు.
మనవడు చదివి, "అవ్వా, నీ పేరు తప్పు రాశారు,
ఒక అక్షరం పోయింది" అన్నాడు.
"పోనీలేరా, ఒక తీగ తెగింది,
ఇంకా తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఉన్నాయిగా."

నేనూ ఏదో చేయాలనుకున్నాను.
మా వైపైతే దండ వేస్తాం, శాలువా కప్పుతాం.
కానీ పువ్వంటేనే ఆమెకు అనుమానం.
శాలువా కప్పుదామంటే
ఆ భుజాలు ఆరి ఉన్న రోజు ఏదీ?

సభ అయ్యాక గట్టు మీద నడిచి వస్తున్నాం.
పండగకి కట్టే తెల్లటి బట్ట కట్టుకుంది,
అంచున ఎర్రటి కుట్టు.
నిన్న శుభ్రం చేసిన మడుగు,
పరుపంత మేర, ఆకాశం కనిపిస్తోంది అందులో.
గూడబాతు ఒకటి వాలి, రెక్కలు సర్దుకుని,
ఇది నిజంగా నీళ్ళేనా అన్నట్టు ముక్కు ముంచి చూసింది.

దాని పక్కన
ఒక్క ఆకు.
గుండ్రంగా, నిగనిగలాడుతూ,
అప్పుడే కడిగిన పిల్లవాడి బుగ్గలా.

ఆమె చెప్పులు విప్పింది.
అంచు పైకి దోపింది.
పేరు తప్పున్న ఆ కాగితాన్ని నా చేతికిచ్చి
తడవకుండా పట్టుకోమంది.

పట్టుకుని నిలబడ్డాను,
రెండు చేతులతో.